పదహారులో నాలుగు

ఆ ఆస్పత్రిలో ఆమె అసలు పేరు జీతాల రిజిస్టర్‌కి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పెద్ద డాక్టరుగారి దాకా అందరికీ ఆమె సర్వరమ్మే. కొత్తగా చేరినవాళ్ళు ఆ మాట విని, క్యాంటీన్‌లో వడ్డించే మనిషి కాబోలనుకుని "అమ్మా, రెండు టీ" అనేవాళ్ళు. ఆమె తెచ్చి ఇచ్చేది కూడా. నాలుగు రోజుల తర్వాత వాళ్ళ కంప్యూటర్ మొరాయిస్తే, చేతిలో స్క్రూడ్రైవర్‌తో అదే మనిషి రావడం చూసి నాలిక్కరుచుకునేవాళ్ళు.

ముప్పై ఏళ్ళ కిందట టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరింది. ఒక కన్నంలోంచి తీగ పీకి ఇంకో కన్నంలో గుచ్చే బోర్డు ముందు ఆరేళ్ళు కూచుంది. ఆ బోర్డు తీసేసిన రోజు ఉద్యోగం ఊడిందనే అనుకున్నారంతా. ఊడలేదు. రోగుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే బల్ల దగ్గరికి మార్చారు. తర్వాత ఒకనాడు సర్వర్ అనే యంత్రాన్ని తెచ్చి మెట్ల కింద గదిలో పెట్టారు. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలని ఎవరికీ తోచలేదు. ఆ గది తాళంచెవి ఆమె దగ్గరుండేది కాబట్టి, లోపలున్న సర్వరూ ఆమె మెడకే చుట్టుకుంది. యంత్రంతో వచ్చిన లావుపాటి పుస్తకాలు బస్సులో కూచుని చదివింది. అర్థం కాని పేజీ మూలలు మడిచిపెట్టి, అర్థమయ్యేదాకా వదిలేది కాదు.

యాభై రెండేళ్ళు వచ్చేసరికి సర్వర్ ఆమెదే. గదిలో కారే ఏసీ, నీళ్ళు పోయాల్సిన బ్యాటరీలు, కాగితం నమిలే ప్రింటర్లు, మెట్ల మీది కెమెరాలు అన్నీ ఆమెవే. హోదా మాత్రం "డేటా ఎంట్రీ, గ్రేడ్ రెండు". నలుగురి పని ఒక మనిషి ఒక జీతానికి చేస్తే, దానికి మన యాజమాన్యాలు పెట్టిన ముద్దు పేరు "సర్దుకుపోయే స్వభావం".

కథ మొదలైంది పాత సర్వర్ చచ్చిపోయి, కొత్తది కొన్నప్పుడు. ప్రాసెసర్‌లో పని చేసే తలకాయల్ని కోర్లు అంటారు. పాతదానికి నాలుగు కోర్లు. కొత్తగా కొందామంటే అంత చిన్నవి బజారులో దొరకడం లేదు. తగ్గింపు ధరకి వస్తోందని పదహారు కోర్ల యంత్రం తెచ్చారు. అసలు తిరకాసు అక్కడుంది. బిల్లులూ, మందులూ, రక్తపరీక్షలూ నడిపించే సాఫ్ట్‌వేర్‌ని ఇచ్చే కంపెనీ, నువ్వు ఎంత పని చేయించుకున్నావని అడగదు. నీ యంత్రానికి ఎంత పని చేసే సత్తా ఉందని అడుగుతుంది. ఎన్ని కోర్లుంటే అన్నిటికీ లైసెన్స్ కట్టాలి. మళ్ళీ కోరు జాతిని బట్టి పాయింట్లు, పాయింట్లని బట్టి రేటు. సంతలో ఎద్దు పళ్ళు చూసి ధర కట్టినట్టు! కాకపోతే ఇక్కడ ఎద్దు మనదే, గడ్డీ మనదే. కాడి మాత్రం అద్దెకి. ఎద్దుకి బలమెక్కువైతే కాడికి అద్దె ఎక్కువ.

పదహారింటికీ కడితే యంత్రం ఖరీదుకి రెండింతలు. అందుకని నాలుగు కోర్లకే కట్టారు. మిగతా పన్నెండింటినీ మూసిపెట్టి ఉంచాలన్నది ఒప్పందం. ఆ మూసిపెట్టే పని సర్వరమ్మ చేసింది. ఒప్పంద పత్రం మాత్రం పెద్దసారు బీరువాలోకి పోయింది. పెద్దసారంటే ఆస్పత్రి పరిపాలన చూసే అధికారి. ఆ పత్రం ఆమెకి ఏనాడూ చూపించలేదు. గ్రేడ్ రెండు మనిషికి అగ్రిమెంట్లెందుకు?

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చి, పోవడం మరిచిపోయాయి. ఊరంతా జ్వరాలు. రోజూ వచ్చేవాళ్ళకి మూడింతల మంది ఆస్పత్రి మీద పడ్డారు. హాల్లో బెంచీలు నిండి, గోడల పక్కన దుప్పట్లు పరుచుకుని కూచున్నారు. రక్తం తీసిన ఇరవై నిమిషాలకి పరీక్ష యంత్రం లెక్క తేల్చేస్తోంది. ఆ లెక్క సర్వర్‌లోకెళ్ళి, బిల్లుతో జతపడి, కాగితం మీదికి రావడానికి అయిదు గంటలు పడుతోంది. చేత్తో రాసిచ్చేద్దామంటే వీల్లేదు. బిల్లు పడని రిపోర్టు గడప దాటకూడదని పెద్దసారు ఉత్తర్వు.

మధ్యాహ్నం ల్యాబ్ ఇన్‌చార్జ్ రొప్పుతూ మెట్ల కింద గదికి వచ్చింది. సర్వరమ్మ కంటే పదేళ్ళు చిన్నది. పదిహేనేళ్ళుగా ఇద్దరూ ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తింటున్నారు.

"అక్కా, నీ సర్వరు బతికుందా, పోయిందా?"

"బతికే ఉంది. నడుస్తోంది."

"నడుస్తోందా? పాకుతోంది! రావణాసురుడి కన్నా ఆరు తలకాయలు ఎక్కువన్నావుగా, ఏం చేస్తున్నాయవి?"

"పన్నెండు పడుకున్నాయి."

"లేపు మరి!"

"లేపితే కూలి కట్టాలే."

"ఎవరికి? తలకాయలకా?"

"కాదు, కాడి అద్దెకిచ్చినవాడికి."

ల్యాబ్ ఇన్‌చార్జ్ నవ్వలేదు. "పొద్దున్నుంచి ఒక కడుపుతో ఉన్న పిల్ల నేల మీద పడుకునుంది. వాళ్ళాయన తాపీమేస్త్రీ, సున్నం చేతులతోనే వచ్చాడు. రక్తం తన సంగతి ఎప్పుడో చెప్పేసింది, నా కళ్ళతో చూశా. కాగితం రాకుండా డాక్టరు మంచం ఇవ్వడంట. నేనేం చెప్పను వాడికి? తలకాయలు పడుకున్నాయి, లేచాక రమ్మననా?"

ఇద్దరూ కలిసే వెళ్ళారు. పెద్దసారు కారెక్కుతూ దొరికాడు.

"సార్, మూసిపెట్టిన కోర్లు మూడు రోజులు తెరుస్తాను. కంపెనీకి కాస్త అదనంగా కట్టాల్సి రావచ్చు."

"ఎంత?"

"మూడు రోజులది సార్. కరెంటు మీటర్ లాగే ఉంటుందనుకుంటా."

"అనుకుంటావా? తెలుసా?"

"అగ్రిమెంట్ మీ బీరువాలో ఉంది సార్."

పెద్దసారు గేటు వైపు చూశాడు. "ఏదో ఒకటి చెయ్యమ్మా తల్లీ. ముందా గోల తగ్గాలి. ఎవడో ఫోన్‌లో వీడియో కూడా తీస్తున్నాడు." కారు తలుపు పడింది.

ఆమె గదికి వచ్చి తెర మీద గడిలో నాలుగు చెరిపి పదహారు వేసింది. అరగంటలో ప్రింటర్లు ఊపిరాడకుండా కాగితాలు కక్కడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి హాలు సగం ఖాళీ. నేల మీది పిల్లకి మంచం దొరికింది. ఆ మేస్త్రీకి సర్వరమ్మ ఎవరో తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. మూడో రోజు రద్దీ తగ్గగానే, ఎవరూ చెప్పకుండానే, ఆమె మళ్ళీ నాలుగు వేసేసింది.

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ వాడుకున్నదానికి కట్టకుండా ఊరుకోవడం ఆమె ఒంట్లో లేదు. ఇంటి కరెంటు మీటర్ ఆగిపోతే తనే వెళ్ళి ఆఫీసులో చెప్పి వచ్చే రకం. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఉత్తరం టైపు చేసింది: "రోగుల రద్దీ వల్ల మూడు రోజులపాటు పదహారు కోర్లూ వాడుకున్నాము. దానికి అదనపు అద్దె ఎంతో తెలియజేస్తే చెల్లించగలము." తీసుకెళ్ళి సంతకాల ఫైల్లో పెట్టింది. ఆ ఆఫీసులో ఆ ఫైలుకో పద్ధతుంది. భోజనానికి లేచే ముందు పెద్దసారు ఎడమచేత్తో ఫోన్ చెవికానించుకుని, కుడిచేత్తో అరవై కాగితాలకి అయిదు నిమిషాల్లో సంతకాలు పెడతాడు. చదవడం పద్ధతిలో లేదు. ఉత్తరం వెళ్ళింది.

నెల తిరక్కుండా కంపెనీ నుంచి, ఎవరు ఎన్ని కోర్లు వాడారో తనిఖీ చేసే కొలతలాయన దిగాడు. చప్పుడు చెయ్యని బూట్లు, మెత్తటి మాట. మెట్ల కింద గదిలో రెండు రోజులు కూచుని, నడిచే కోర్లని అరగంటకోసారి లెక్కపెట్టడానికి సర్వరమ్మ పెట్టుకున్న ప్రోగ్రామ్ రాసిపెట్టిన రికార్డులన్నీ చూశాడు.

"ఇంత శుభ్రంగా రికార్డులు దాచినవాళ్ళని నేను చూళ్ళేదు మేడమ్. ఈ కొలత ప్రోగ్రామ్ పెట్టమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. మీ కంపెనీ పుస్తకంలో ఉంటే చదివి పెట్టా. పోయినేడు."

ముప్పై ఏళ్ళలో ఆ నాలుగు గోడల మధ్య ఆమెని ఒక మనిషి మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆమెకి పట్టలేనంత సంతోషం వేసింది. టీ తెప్పించింది. ఆయన టీ తాగి, కప్పు కింద పెట్టి, అదే మెత్తటి గొంతుతో చెప్పాడు:

"అత్యధికం పదహారు. కాబట్టి మా లెక్క పదహారు."

"మూడు రోజులే కదండీ?"

"ఎన్ని రోజులన్నది లేదు మేడమ్. ఎంత ఎత్తుకి వెళ్ళిందన్నదే. వరద ఒక్క పూటే వచ్చినా, గోడ మీద మరక ఎక్కడుంటే అక్కడిదాకా వచ్చినట్టే కదా? ఇంకోటి. మీరు ప్రోగ్రామ్ పెట్టింది పోయినేడు. యంత్రం కొని మూడేళ్ళు. కొలత లేని రెండేళ్ళకీ పూర్తి సత్తా కిందే లెక్క. అగ్రిమెంట్ ఏడో పేజీలో ఉంది."

"ఆ రెండేళ్ళూ నాలుగే నడిచాయండీ! నేనే మూశాను నా చేత్తో!"

"నేను నమ్ముతాను మేడమ్," అన్నాడాయన. "రుజువు లేదు కదా."

ఆ తేలిన మొత్తంతో ఆస్పత్రి ఇంకో స్కానింగ్ యంత్రం కొనుక్కోవచ్చు. అందులో మూడింట రెండు వంతులు, పెద్దసారు చదవకుండా బీరువాలో పెట్టిన ఏడో పేజీది. ఆ సంగతి ఆ భవనంలో ఎవరూ పైకి అనలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పడాల్సిన చోట కాకుండా అలవాటైన చోటే పడింది.

పెద్దసారు ఆమెని పిలిచి ఒక కాగితం ముందుకి తోశాడు. అప్పటికే టైపు చేసి ఉంది. "ఎవరి అనుమతీ లేకుండా కోర్లు తెరిచాను. అధికారిని మోసగించి ఉత్తరం మీద సంతకం తీసుకున్నాను. ఇందుకు నాదే పూర్తి బాధ్యత."

"మోసగించానా సార్? నేనా?"

"అరవై కాగితాల మధ్యలో దూర్చడాన్ని ఏమంటారమ్మా మరి? నమ్మి పెట్టాను సంతకం." కాస్త గొంతు తగ్గించాడు. "చూడు, ఇది సిబ్బంది తప్పని రాసిస్తే కంపెనీవాళ్ళు సగానికి సగం తగ్గిస్తామన్నారు. సంతకం పెట్టి గౌరవంగా రాజీనామా ఇచ్చుకో. నీకు రావాల్సినవి నీకొస్తాయి. లేదంటావా, ఎంక్వైరీ పడుతుంది. ఎల్లుండి చెప్పు."

ఇంటికొచ్చి చెప్పింది. భర్త కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్. ముందుగదిలోనే కొట్టు. నూనె చేతుల్తో మిషన్ తిరగేసి పెట్టి, తలెత్తకుండా విన్నాడు.

"నువ్వే రాశావా ఉత్తరం? దొంగ దారి తప్పితే లాంతరు పట్టుకుని మనింటికే తీసుకొచ్చావన్నమాట."

"వాడుకున్నాం కదండీ. కట్టొద్దా?"

"కట్టాలి, కట్టాలి. నీలాంటివాళ్ళు కడుతూనే ఉండాలి, వాళ్ళలాంటివాళ్ళు తీసుకుంటూనే ఉండాలి. లేకపోతే భూమి తిరగదు." సూది బిగించాడు. "నా దగ్గరికి రోజుకి పది మిషన్లొస్తాయి. ఈ మిషను ఎన్ని చొక్కాలు కుట్టగలదో చూసి, కుట్టినా కుట్టకపోయినా అన్ని చొక్కాలకి డబ్బులివ్వమంటే, దర్జీవాడు ఆ మిషన్‌తోనే నా బుర్ర పగలగొడతాడు."

"పెట్టమంటారా సంతకం?"

ఆయన చక్రం ఒకసారి తిప్పి ఆపాడు. "మూడేళ్ళుంది నీ పింఛనుకి. పిల్ల చదువు ఇంకా రెండేళ్ళు. నా కొట్టు సంగతి చూస్తూనే ఉన్నావు. పెట్టమనే అనాలి నేను." మళ్ళీ చక్రం తిప్పాడు. "కానీ మోసం అన్న మాట నీ చేత్తో రాసిస్తే, రేపు పిల్ల పెళ్ళైనా ఉద్యోగమైనా ఎవడో ఒకడు ఆ కాగితం తీస్తాడు. అది నాకు నచ్చడం లేదు. ఇక నీ ఇష్టం."

"ల్యాబ్ పిల్ల పక్కనే ఉంది కదండీ, సారు 'చెయ్యమ్మా' అన్నప్పుడు. అది చెబుతుంది."

"చెబితే మంచిదే," అన్నాడాయన.

ఎంక్వైరీకి మూడు కుర్చీలు వేశారు. మధ్య కుర్చీలో పెద్దసారే. తన మీది మాట తనే విచారించుకునే పద్ధతి ఎంత సుఖంగా ఉంటుందో, ఇలాంటి గదుల్లో నిలబడిన ప్రతి కింది ఉద్యోగికీ తెలుసు. ల్యాబ్ ఇన్‌చార్జ్‌ని పిలిచారు. ఆమె సర్వరమ్మ వైపు చూడకుండా లోపలికొచ్చింది.

"ఈమె కోర్లు తెరుస్తానని నన్ను అడిగినప్పుడు మీరు పక్కనున్నారట. నేను సరేనన్నానట. నిజమేనా?"

"ఆ రోజు బాగా రద్దీ సార్."

"నిజమేనా అని అడిగాను."

"ఎవరు ఏమన్నారో... నాకు సరిగ్గా గుర్తు లేదు సార్."

సర్వరమ్మకి లేపు మరి అన్నది నువ్వే కదే అని నాలిక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? ఉద్యోగం ఒకటికి బదులు రెండు పోతాయి. ఆ పేరు ఆమె ఎత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

కాగితం మళ్ళీ ముందుకొచ్చింది. ఆమె పెన్ను తీసుకుంది. గదిలో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ఎవరి అనుమతీ లేకుండా" అన్నదాని మీద ఒక గీత, "మోసగించి" అన్నదాని మీద ఒక గీత గీసి, కింద సంతకం పెట్టి ఇచ్చింది.

"ఇదేమిటమ్మా?"

"తెరిచాను సార్. అది నిజం. ఉత్తరం రాశాను. అదీ నిజం. ఆ రెంటికీ సంతకం పెట్టాను."

"కొట్టివేతలున్న కాగితం చెల్లదు." గుమస్తా చేత ఇంకోటి ప్రింట్ తీయించారు. ఆమె మళ్ళీ రెండు గీతలు గీసి సంతకం పెట్టింది. మూడోది వచ్చింది. మూడోదాని మీదా అంతే. మూడోసారికి గుమస్తా నవ్వాపుకోలేక మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నీకు తలపొగరెక్కువైంది," అన్నాడు పెద్దసారు.

"ఒక్క తలే సార్ ఉన్నది," అంది. "అది మీరెప్పుడూ కొలవలేదు."

ఆమెని మోసగత్తె అని రాసి పంపించలేకపోయారు. అందుకు కావాల్సిన సంతకం దొరకలేదు. దానికి బదులు ఇంకా శుభ్రమైన దారి కనిపెట్టారు. ఆస్పత్రీ, కంపెనీ రాజీపడ్డాయి. జరిమానా మాఫీ. అందుకు ప్రతిగా ఆస్పత్రి పదహారు కోర్లకీ పూర్తి లైసెన్స్ కొనాలి, సర్వర్ నిర్వహణ కూడా అయిదేళ్ళపాటు కంపెనీకే కాంట్రాక్టుకివ్వాలి. నిర్వహణ బయటికి పోయింది కాబట్టి "డేటా ఎంట్రీ, గ్రేడ్ రెండు" పోస్టు ఇక అనవసరం. రద్దు. అంటే ఏ పదహారు కోర్లు మూడు రోజులు నడిపితే నేరమైందో, అవే ఇప్పుడు రోజంతా నడుస్తాయి. వాటి ఖర్చు కింద తీసేసింది ఒక మనిషిని. పింఛనుకి ఇంకా మూడేళ్ళుందనగా. దీన్ని దోపిడీ అనకూడదట. రాజీ అనాలట.

అప్పగింతకి కొలతలాయనే వచ్చాడు. ఆమె పాస్‌వర్డ్‌లన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి ఇచ్చింది. ఆయన ఒక్కొక్కటీ సరిచూసుకున్నాడు.

"నా చేతుల్లో ఏం లేదు మేడమ్. నేను కొలిచేవాణ్ణే."

"తెలుసండీ. కొలిచేవాళ్ళ చేతుల్లో ఎప్పుడూ ఏం ఉండదు."

ఆయన తల దించుకుని, గడిలో పదహారు వేశాడు. ఫ్యాన్ల రొద పెరిగింది. ఒకసారి గది నలుమూలలా చూశాడు. గోడవారన బ్యాటరీల వరస, పైన ఏసీ, తలుపు పక్క ప్రింటర్ల సామాను.

"వీటన్నిటినీ ఎవరు చూసుకునేవారు?"

"నేనే."

"ఇవి మా కాంట్రాక్టులో లేవే," అన్నాడు కంగారుగా. "బ్యాటరీలకి ఎన్నాళ్ళకోసారి నీళ్ళు పొయ్యాలి? ఎక్కడైనా రాసిపెట్టారా?"

"అది ఎవరూ అడగలేదండీ."

ఆమె డబ్బా సంచిలో పెట్టుకుంది. తాళంచెవి బల్ల మీద పెట్టింది. కారిడార్లో ల్యాబ్ తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలి నుంచి ఎవరో "అక్కా" అన్నట్టనిపించింది. ఆగలేదు.

కొలతలాయన వెనకాలే వచ్చాడు. "మేడమ్, ఒక్క మాట. ఏదైనా తేడా వస్తే మీకు ఫోన్ చెయ్యొచ్చా? ఊరికే, సలహాకి."

సర్వరమ్మ వెనక్కి తిరిగింది. ముప్పై ఏళ్ళుగా ఎవరు ఏ వేళప్పుడు పిలిచినా వచ్చిన మనిషి. భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని వచ్చిన మనిషి.

"చెయ్యొద్దు," అంది.